పులిసిన దాణా

ప్రియమైన మా ఇంటి ఆడపడుచుకి,

తల్లిని వదిలిన పందిపిల్ల తిండి మానేసి జబ్బుపడుతుందా, జబ్బుపడి తిండి మానేస్తుందా? ఫారం పెట్టినప్పటినుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. పాలు మాన్పించిన మర్నాడు అన్నీ ఒకదానిమీద ఒకటి కుప్పగా పడుకుంటాయి. పొడి దాణా ఎదురుగా ఉన్నా మూతి పెట్టవు. ఆకలి ముదిరాక ఒక్కసారిగా మింగి విరేచనాలు పట్టి పారుకుంటాయి. దాణాలో క్రిముల్ని చంపే మందు కలపడం మానేశాక పిల్లలు మరీ నిలవడం లేదు.

సగం ఫారం నీది. "మూసేద్దాం వదినా" అన్నావు. తప్పని అనను. కానీ ఈ ఒక్క ఈతలో పుట్టిన పిల్లల్ని నాకు వదిలెయ్. పిండిని నీళ్లలో కలిపి డ్రమ్ములో పులియబెడుతున్నాను. ఆ పులుపులో చెడ్డ క్రిములు బతకవు. పాలలా పలచగా ఉంటుంది కనుక పిల్లలు తాగుతాయి. "చదువుకున్నదాన్ని చేసుకుంటే ఇంతే" అంటూ మీ అన్నయ్య ముక్కు మూసుకుని లారీ ఎక్కి డ్యూటీకి పోయారు.

పందుల పెంపకం శిక్షణకి నేను వెళ్లాలి. ఆ కొద్దిరోజులూ వచ్చి చూసుకుంటావా?

నీ వదిన

* * *

వదినమ్మకి,

మా వార్డులో పుల్లటి వాసన వస్తే నర్సులం ముందు ఫినాయిల్ వెతుకుతాం. నువ్వేమో దాన్నే తొట్టిలో పోస్తానంటున్నావు! సరే, వస్తాను. మాట మాటే: ఈ ఈత నిలిస్తే నోరెత్తను. పోతే షెడ్లు అమ్మేద్దాం. బకెట్లు మోసి మోసి నీ నడుం ఏమైందో నాకు తెలీదా?

నీ గయ్యాళి ఆడపడుచు

* * *

గయ్యాళిగారికి,

నువ్వు బస్సెక్కాక డ్రమ్ము చూశాను. అద్దంలా మెరుస్తోంది. "పాచి పట్టిందని బ్లీచింగ్‌తో తోమేశా" అని మీ అన్నయ్యకి గొప్పగా చెప్పావట. తల్లీ, నువ్వు తోమేసింది పాచి కాదు, తోడు. రోజూ అడుగున కొంత ఉంచి, దానిమీదే కొత్త పిండి పోస్తాను, పాలకు తోడు వేసినట్టు. అది చెప్పకుండా వెళ్లింది నేనే. ఆ తర్వాత నువ్వు కలిపిన పిండి పులవలేదు. పులిసేలోపు అందులో ముందు పెరిగేవి చెడ్డ క్రిములే. అదే తాగిన మొదటి షెడ్డు పిల్లలు పారుకున్నాయి. మూడు పోయాయి.

ఏడుస్తూ కూర్చోను. మళ్లీ మొదలుపెట్టాను. పులుపు కొలిచే కాగితం సరే అనేదాకా చుక్క పొయ్యను. రెండో షెడ్డు పిల్లలకి ఇప్పుడే పాలు మాన్పించాలి గానీ, డ్రమ్ము సిద్ధమయ్యేదాకా తల్లుల దగ్గరే ఉంచుతాను.

నడుం బిగించిన వదిన

* * *

వదినా,

నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆ మూడూ నా ఖాతాలో వేసుకో. మొదటి షెడ్డుని లెక్కలోకి తీసుకోను. రెండో షెడ్డు నిలిస్తే నా సగం నీ చేతుల్లోనే ఉంటుంది. నేను రాను, వస్తే మళ్లీ ఏదో ఒకటి తోమేస్తాను! నువ్వే చూసి తేల్చు. నువ్వు ఏది రాస్తే అది నమ్ముతాను.

నీ శుభ్రాల పిచ్చిది

* * *

ప్రియమైన శుభ్రాల పిచ్చికి,

రెండో షెడ్డులో ఒక్కటీ పోలేదు. తొట్టి చుట్టూ మూతులు దూర్చి ఒకటే చప్పరింపు. ఒకటైతే తొట్టిలోనే నిద్రపోయింది, చెవుల నిండా పిండి. "గెలిచానని రాసెయ్, ఇంకా ఆలోచనేమిటి?" అన్నారు మీ అన్నయ్య.

రాయలేకపోతున్నాను. డ్రమ్ము పులవడం కోసం ఆగినందువల్ల ఈ పిల్లలు తల్లి దగ్గర ఒక వారం ఎక్కువ ఉన్నాయి. ఆ వారంలో తల్లి మేతలో మూతి పెట్టి నమలడం నేర్చుకున్నాయి. వీటిని నిలబెట్టింది డ్రమ్మే అయితే ఫారం నడుస్తుంది. ఆ వారమే అయితే, ప్రతిసారీ తల్లిని అలా పాలమీదే ఆపితే మళ్లీ చూలు కట్టడం ఆలస్యమై ఈతలు తగ్గిపోతాయి, మనం నిలవలేం.

అందుకే నీ మాటని పట్టుకుని సగం వాటా ఉంచుకోను. ఇంకో ఈత గడువు ఇవ్వు. సగం పిల్లల్ని మామూలు వేళకే వేరుచేస్తాను, సగాన్ని తల్లి దగ్గర ఇంకో వారం ఆపుతాను. అన్నిటికీ పులిసిన దాణానే పోస్తాను. ఇవ్వనంటే నీ ఇష్టం, పోట్లాడను. ఇస్తే మాత్రం ఏది నిజమో తేలేదాకా వదిలిపెట్టను.

ఏది బతికించిందో నాకింకా తెలియదు. నీ దగ్గర తెలిసినట్టు రాయను.

నీ వదిన