సోమవారం విప్పే కట్టు

అమ్మా, నేను క్షేమంగానే ఉన్నాను, కానీ మూడు వారాలుగా నీకొక సంగతి దాచాను. బస్సు నడుపుతుండగా ఒక్క క్షణం నాకు కన్ను మూతపడింది. బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడకు బస్సు తగిలి కుడి చెయ్యి విరిగింది. తప్పు నాదే.

క్రిస్మస్ రోజు చర్చికి వెళ్లడానికి మనసొప్పక, ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, నేనెవరో చెప్పాను. తిట్టినా బాగుండేది. నా మొహం చూసి, "సరిగ్గా తిని ఎన్నాళ్లయింది బాబూ?" అంటూ ఎడమ చేత్తో తన పళ్లెం నా ముందుకు జరిపింది.

"నన్ను క్షమించారా అండీ?" అన్నాను.

"అవన్నీ తర్వాత. ముందు తిను" అంది.

మనం మంచివాళ్లమయ్యేదాకా ఆగకుండా దేవుడు మన కోసం పుట్టాడని ఏటా వింటున్నదే. ఆ ముద్ద మింగుతుంటే అర్థమైందమ్మా.

చెల్లి కళ్లజోడు మార్పించారా? నాన్నకు ఇప్పుడే చెప్పకు, బీపీ పెరుగుతుంది. సోమవారం ఆవిడ కట్టు విప్పుతారు. మళ్లీ సూది పట్టగలదో లేదోనని నాకు నిద్ర పట్టడం లేదు. నా ఉద్యోగం సంగతి దేవుడెరుగు. ఆ ఉదయం నువ్వు మాత్రం ఆవిడ వేళ్ల కోసం మోకరించు. ఇంట్లో అందరికీ వందనాలు.

నీ పెద్దోడు