మా ఇంట్లో ఎవరూ పోలేదు

ప్రియమైన నాన్నా,

వేషంలో ఉన్న నా ఫోటో చూసి "పిల్ల దారి తప్పింది" అని చర్చి సంఘంలో నాకోసం ప్రార్థన పెట్టించావట. ముందు నన్నొక్క మాట అడగాల్సింది. దయ్యాల వేషాల పండుగ వచ్చే వారమైనా, మా ఆసుపత్రి పిల్లల వార్డులో ముందే చేశారు. రోజూ రక్తం తీయడానికి నేనెళ్తే మంచాల కింద దూరే పిల్లలు, తేనెటీగ వేషంలో వెళ్తే వాళ్ళే చేతులు చాపారు. తేనెటీగ కుడుతుందని వాళ్ళకీ తెలుసు! సంఘపెద్ద కూతుర్ని కాబట్టి నా రెక్కలు నీకు దయ్యం కొమ్ముల్లా కనబడ్డాయా?

సెలవు దొరికింది. పండక్కి ఇంట్లోనే ఉంటా.

అలిగిన నీ కూతురు

*

చిట్టితల్లీ,

ప్రార్థన పెట్టించింది మీ అమ్మ. నేను ఆమేన్ అన్నానంతే. రెక్కలు బాగానే ఉన్నాయి గానీ ఒకటి వంకర. రా. ఆ సాయంత్రం మాత్రం ఎప్పట్లాగే వరండా లైటు ఆర్పేసి, గడియ పెట్టుకుని, వెనక గదిలో కూర్చుని కీర్తనలు చదువుకుందాం. వేషాలేసుకుని మిఠాయిల కోసం ఇంటింటికీ తిరిగే పిల్లలెవరైనా వస్తే మనం ఇంట్లో లేనట్టే. చిన్నప్పుడు నీకు తుమ్మొస్తే దిండు అడ్డం పెట్టేవాణ్ణి. ఇప్పుడా బాధా లేదు. కొన్నేళ్ళుగా మన తలుపు ఎవరూ కొట్టడం లేదు, దేవుడి దయ.

బోలెడు ప్రేమతో, నాన్న

*

తల్లీ,

ఇది మీ అమ్మకింకా చెప్పలేదు. ఎదురింటి టైలరత్తయ్య నా చొక్కా ఇవ్వడానికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏమీ అనుకోకండి అన్నయ్యా, పండగ రోజు మీ ఇంట్లో పోయిందెవరు? ఏటా లైటార్పుకుని కూర్చుంటారు. అడగడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు" అంది.

వీధంతా అదే అనుకుంటోందట. మన గేటు దగ్గరికి రాగానే పిల్లల మొహాల మీది ముసుగులు తీయించి, సద్దు చెయ్యకుండా దాటిస్తారట. నేనేమో నా ప్రార్థన ఫలించిందనుకున్నాను!

సంఘమంతటికీ వాక్యం చెప్పేవాణ్ణి, ఆవిడకి మాత్రం నిజం చెప్పకుండా చొక్కా అందుకున్నానమ్మా. తల దించుకున్నాను. ఆవిడ కళ్ళొత్తుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు ఎవరూ పోలేదని ఏ మొహంతో చెప్పను? ఈ ఏడాదికిలాగే కానియ్యి. నువ్వూ ఎవరితో అనకు.

నాన్న

*

ప్రియమైన నాన్నా,

మొదట పకపకా నవ్వాను. ముసుగులు తీసిన పిల్లల దగ్గరికొచ్చేసరికి నవ్వాగిపోయింది. లేని చావు కోసం వీధి వీధంతా నోరు మూసుకుంది నాన్నా. వాళ్ళ పండగలో పాపం అంటుకుంటుందని మనం దాక్కుంటే, వాళ్ళు మన బాధ తలుచుకుని పిల్లల్ని ఊరుకోబెట్టారు.

నువ్వు ఆ పండగ చెయ్యవు, సరే. నిన్ను బయటికి రమ్మనను. రెక్కలు ఇక్కడే వదిలేసి వస్తా. పొద్దున్నే నీ పక్కన కూర్చుని కీర్తనలు చదువుతా, నువ్వు ఆపమనేదాకా. అమ్మకి మాత్రం నువ్వే చెప్పు.

సాయంత్రం వరండా లైటు వేస్తాను. మెట్ల మీద కూర్చుని, వచ్చిన పిల్లలకి మిఠాయిలిస్తాను. మా ఇంట్లో ఎవరూ పోలేదని టైలరత్తయ్యకి నేనే చెప్తాను.

నీ చిట్టితల్లి