వియత్నాం కొండల్లో ఎవరింటికి

శనివారం రాత్రి, మహబూబాబాద్

వేసవి సెలవుల్లో వియత్నాం వెళ్దామని ఆయనా నేనూ అనుకున్నాం గానీ, ఏ టూరో ఇవాళ్టిదాకా తేలలేదు. ఒకదాంట్లో నగరాలు, పడవ షికారు, షాపింగ్. రెండోదాంట్లో ఉత్తరాన కొండల మీద మెట్లుమెట్లుగా ఉండే వరిపొలాలు, అక్కడి గిరిజనుల ఇంట్లో బస. నా మనసంతా రెండోదాని మీదే.

పొద్దున తండా నుంచి మా యాడి, అంటే అమ్మ, వస్తే ఫోన్‌లో ఆ ఊరి బొమ్మలు చూపించాను. ఒకదాంట్లో గుమ్మం ముందు వెండి నగలతో ఒక ముసలామె, చుట్టూ ఫోన్లు పట్టుకున్న జనం. యాడి చాలాసేపు చూసింది.

"గీమెను అడిగే తీసిండ్రా?" అంది. "నేను అద్దాల కాంచళి రైక ఏసుకొని అంగడికి పోతె నన్ను గుడ గిట్లనే తీసిండ్రు. పేరన్న అడగలె."

అది విన్నా నాకు ఆ కొండలు చూడాలన్న ఆశ మాత్రం తగ్గలేదు. టూరు ఆఫీసుకు ఫోన్ చేసి గైడు ఎవరని అడిగాను. కనుక్కుని సాయంత్రం చెప్పారు. మేము దిగే ఇంటి కోడలేనట. పొలానికి తీసుకెళ్తుందట, వంటలో చెయ్యి వెయ్యనిస్తుందట. ఫోటో మాత్రం అడిగాకే తియ్యాలట.

ఆ మాట చెప్పగానే యాడి, "అయితె నేను గుడ వస్త," అంది.

"ఏ భాషల మాట్లాడ్తవు అత్తమ్మా?" అని ఆయన నవ్వారు.

"ఇంట్లకు పిలిచి కూసోబెడ్తె మాటలు అవే వస్తయి."

ఆమెకు పాస్‌పోర్టే లేదు. కొండలు ఎక్కగలదో లేదో. ఆమె రావడం సంగతి తేలకపోయినా, రెండో టూరే ఖాయం చేశాం. ఆ బొమ్మలోని ముసలమ్మా మా యాడీ పక్కపక్కన కూర్చుంటే, ముందు ఎవరు ఎవరిని ఏం అడుగుతారో...