ఇంటికి తాళం ఉంది

మహారాజశ్రీ నర్సింలు సార్ దివ్యసముఖానికి, మీ వెనక బెంచీ విదూషకుడు సాష్టాంగపడి రాసుకున్నది. నా చేతిరాత ఇప్పటికీ కోడి గీకినట్టే ఉంది, పెద్ద మనసుతో క్షమించండి.

మీరు కాలం చేసిన ఏడాదికి యాకుత్‌పురాలో మీ బడిలోనే, మీ తొమ్మిదో తరగతికే నన్ను టీచరుగా పెట్టారు. నవ్వకండి. బడికి రాని పిల్లల ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లి, గడపలో కూర్చుని మంచినీళ్లు అడగడం మీ పద్ధతి. బడి మాట ఎత్తేవారు కాదు. మీరు కూర్చున్నారంటేనే గల్లీ అంతటికీ సంగతి తెలిసేది. మా గడపలో ఒక్కసారి కూర్చున్నారు, మళ్లీ నేను బడి ఎగ్గొట్టలేదు. హెడ్‌మేడం ఆ పద్ధతిని ఆపలేదు. ఇప్పుడు ఆ పని నాది, వెళ్లొచ్చి రిజిస్టర్లో రాయాలి.

నా తరగతిలో లావణ్య సోమవారం నుంచి రాలేదు. ఈ రోజు, గురువారం, వాళ్లమ్మ వచ్చింది.

"మేడం, మా పిల్ల రాత్రి ఇంటికి రాలే. నిన్న బడి నుంచి ఎప్పుడు పోయింది?"

మేడం రిజిస్టర్ తీసింది. "మూడు దినాల సంది బడికే వస్తలేదమ్మా. ఈ సార్ సోమవారమే మీ ఇంటికొచ్చిండు. తాళం ఉందంట."

"తాళమేంది మేడం? జరమొచ్చి వారం సంది నేను ఇంట్లనే పండుకొని ఉన్న. పిల్ల రోజూ సంచి ఏసుకొని బడికనే పోయింది. ఒక్కరన్న చెప్పకపోతిరి."

మేడం నావైపు చూసింది. వేరే ఇల్లు అనుకున్నానేమో అన్నాను. వాళ్లమ్మ ఇప్పుడు లావణ్య ఫొటో పట్టుకుని మలక్‌పేట రైల్వే స్టేషన్‌లో తిరుగుతోంది.

సార్, నేను ఏ ఇంటికీ పోలేదు. సోమవారం బడి నుంచి సీదా అఫ్జల్‌గంజ్ పోయి, దోస్తులతో చాయ్ తాగి, మర్నాడు పొద్దున రిజిస్టర్లో తాళం వేశాను.