సువైక్ తోటలో పోసిన సాక

అల్ సువైక్

అన్న రాజేశానికి తమ్ముడు లక్ష్మణ్ దండం పెట్టి రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. అవ్వ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది, నీ దగ్గు తగ్గిందా, వదిన, పిల్లలు ఎట్లా ఉన్నారు, అన్నీ రాయి. ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే సముద్రం మీది గాలి చెవులు కోస్తుంది. తిండికి లోటు లేదు. శుక్రవారం చేపలు వండుకుంటాం. నా గురించి రంది పెట్టుకోవద్దు.

ఈ ఉత్తరం సాయిలు బావ చేతికే ఇచ్చి పంపుతున్నాను. గడువు తీరకముందే అతను ఎందుకు వస్తున్నాడో నీకు తెలియాలి. "నాకు చెప్పుడు రాదు. నువ్వే ఉన్నదున్నట్టు రాయి" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

మమ్మల్ని ఖబూరా సైట్ నుంచి ఇక్కడ ఒక పాత ఇంటిని బాగుచేసే పనికి మార్చారు. మన దిక్కు దొరల గడి లాంటిది. మట్టి గోడలు, లోపల పెద్ద తోట. గడ్డి కలిపి మట్టి తొక్కి గోడలకు మెత్తడం మా డ్యూటీ. మొదటి రోజు ఇంటి యజమాని, ముసలాయన, తాళాల గుత్తి పట్టుకుని తానే ఇల్లంతా తిప్పి చూపించాడు. ఖర్జూరం బస్తాలు పేర్చే గది ఉంది. నేలంతా కాలువలు. బరువుకు పాకం కారి, ఆ కాలువల వెంట మూలనున్న కుండలోకి చేరుతుంది. వాకిలి మీద ఒక కన్నం ఉంది. వెనుకట శత్రువులు వస్తే మరిగే పాకం అందులోంచి పోసేవారట. "మన దొరకు ఈ ముచ్చట తెల్వలే, బతికినం" అన్నాడు బావ. ఊళ్ళో గడి గడప తొక్కనివ్వని వాణ్ణి అరబ్బు తన గడి మేడ ఎక్కించాడని ఆ రోజంతా నవ్వాడు.

తర్వాత ముసలాయన తోట చూపించాడు. నిమ్మ, మామిడి, మిగతావన్నీ ఖర్జూరాలే. గోడ మూల ఒక చెట్టు దగ్గర ఆగి, ఇది మా నాయన నాటిందని ఉర్దూలో చెప్పాడు. బావ దాని మొదలు మీద చెయ్యి వేసి, మన ఈతచెట్టుకు పెద్దన్న లాగుంది అన్నాడు. అందరికీ కాఫీ, పండ్లు పెట్టించాడు ముసలాయన.

ఆ తర్వాతే మల్లాగౌడ్ మామ పోయాడని నీ ఉత్తరం వచ్చింది. అప్పటికే దినాలు కూడా అయిపోయాయి. బావ సెలవు అడిగితే, పని ముగిశాక చూద్దామన్నాడు ఫోర్‌మన్. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంటుంది కదా. బావ ఏడవలేదు. తండ్రి పేరిట నేల మీద కల్లు సాక ఎవరు పోశారని మాత్రం అడిగాడు. పాలివాళ్ళు పోశారని నువ్వు రాసింది చదివి వినిపించాను.

"కొడుకు బతికుండంగ పాలోళ్ళు పోసుడేంది" అన్నాడు.

శుక్రవారం మేమంతా బజారుకు వెళ్ళినప్పుడు, బావ తోటమాలి తాడు తీసి నడుముకు కట్టుకుని ఆ మూల చెట్టు ఎక్కాడు. మన గీత కత్తి లేదు. మట్టలు కోసే రంపపు పళ్ళ కొడవలితోనే మెడ చెక్కి గీత పెట్టాడు. కల్లు లొట్టికి బదులు పాలపొడి డబ్బా కట్టాడు. ముసలాయన చెట్టు చుట్టూ ముసిరిన ఈగలను చూసి ఫోర్‌మన్‌ను పిలిచాడు. డబ్బా దించితే అడుగున కొంచెం కల్లు ఉంది. ఇక్కడ అది ఎంత తప్పో నీకు చెప్పనక్కరలేదు. ఫోర్‌మన్ తిడుతూ దాన్ని చెట్టు మొదట్లో పారబోశాడు.

బావ వంగి, ఆ తడి నేలకు దండం పెట్టాడు. "నేలకే గదా పోసేది. అయ్యకు ముట్టింది" అన్నాడు.

ఇన్ని చెట్లుండగా దీన్నే ఎందుకు కోశాడని ముసలాయన నన్ను అడిగాడు. నేను బావను అడిగాను.

"ఆయన నాయిన పెట్టిన చెట్టని దాన్నే పట్టిన. నా అయ్యకు పోసేటిది ఏదో చెట్టుదైతే ఎట్ల?"

ఆ మాటను ఉర్దూలోకి మార్చి చెప్పాను. మన దగ్గర గీసిన చెట్టు చావదని, ఏళ్ళ తరబడి కల్లు ఇస్తుందని కూడా చెప్పాను. ముసలాయన తోటమాలిని పైకెక్కించి చూడమన్నాడు. కొడవలి చెట్టుకు ప్రాణమైన మొవ్వు దాకా దిగిందట. ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పోలీసులకు చెప్పలేదు. అంత మేలు చేశాడు. కంపెనీ మాత్రం వీసా రద్దు చేసింది.

అన్నా, ఉత్తరం అందిన రోజే గీత సంఘం పెద్దలను కలువు. మామ గీసిన చెట్లు ఇంకొకరికి పంచక ముందే బావ పేర రాయించు. చెట్లు పోతే వాళ్ళింట్లో పొయ్యి వెలగదు. అరబ్బు దేశంలో కల్లు గీసినోడని కల్లు మండువ దగ్గర ఎవరైనా ఎగతాళి చేస్తే నువ్వే ఆపు. అక్క ముందు ఏమీ అడగవద్దు.

ఆ మూల చెట్టు మొవ్వు వాడిపోయింది. దాని పక్క గోడ మెత్తే పని నాకే పడింది. నా పని పోలేదు, భయపడవద్దు.

అవ్వ కాళ్ళకు నా దండం చెప్పు. వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పెద్దలందరినీ అడిగానని చెప్పు. నీ దీవెన ఉండాలి. బావ రాగానే మామకు మళ్ళీ సాక పోయమని ఎవరూ పట్టుబట్టవద్దు. పోసిన లెక్కేనని అతను అంటున్నాడు. అట్లాగే ఉండనివ్వండి.

నీ తమ్ముడు
లక్ష్మణ్