కాలితో తోడిన సముద్రం

కేర్గబి,
23 సెప్టెంబరు 1984, ఆదివారం.

నా బంగారుతల్లి హెలెద్‌కి,

మీ నాన్న ఇథెల్ వెయ్యి దీవెనలతోనూ, అంతకు ఒకటి ఎక్కువ ముద్దులతోనూ రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. పిల్లి కులాసా. వంటగది కప్పు కురుస్తోంది, అదీ కులాసాగానే కురుస్తోంది. బర్మింగ్‌హామ్‌లో నీ జలుబు తగ్గిందనీ, ఆ ఇంటావిడ గదిలో హీటరు వేసుకోనిస్తోందనీ తలుస్తాను. చాపెల్ నుంచి ఇప్పుడే వచ్చాను, కోటు కూడా విప్పలేదు. పాస్టరు గారు ఇవాళ ఏం చెప్పారో ఒక్క ముక్క అడక్కు. పాటలు మాత్రం పాడాను. ఎంత గట్టిగా పాడానంటే ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఎందుకంటావా? పనిచేసింది తల్లీ! నీ పంపు పనిచేసింది! నీ దిక్సూచీ పనిచేసింది! నిన్న, శనివారం, పెన్రిన్ మౌర్ దగ్గర, పోటునీళ్ళు రాళ్ళ మీద పడి మరిగే ఆ చోటే, టెగ్విన్ కళ్ళెదుటే!

వాషింగ్ మెషీన్ల ఫ్యాక్టరీ వాళ్ళ ఉద్యోగం కాగితం మీద నెలాఖరుకి సంతకం పెట్టాలనీ, పెడితే ఇక పడవల ఊసు ఎత్తననీ రాశావు. పెట్టకు. అంటే, పెట్టొద్దని నేను అనడం లేదు, అది నీ బతుకు. ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. చివరిదాకా అంటే నా సంతకం కింద కూడా.

జూలైలో టెగ్విన్ తన పడవల షెడ్డు ముందు నిలబడి అన్న మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. వాడి కొత్త పడవల్ని నీళ్ళలో నడిపి చూసే గూటో నీ దిక్సూచిని నమ్ముకుని పొగమంచులో వస్తూ, మన రేవు వదిలేసి పక్క రేవులో తేలాడు కదా. "ఉత్తరం ఎటుందో తెలియని పిల్ల చేసిన పంపు నీళ్ళని ఎటు తోడుతుందిరా, లోపలికా?" అని టెగ్విన్ పనివాళ్ళందరినీ నవ్వించాడు. పంపుని ముట్టుకోనైనా లేదు. నువ్వు రెండిటినీ విప్పుకొచ్చి, "నాన్నా, వీటిని పాత ఇనుములో పడెయ్" అని మర్నాడే రైలెక్కేశావు. పాత ఇనుములో ఎలా పడేస్తానే పిచ్చిదానా? ఒకటి ప్లాస్టిక్కు, ఇంకోటి ఇత్తడి.

ఆ పంపు నీకు ఆట కాదని నాకు తెలుసు. కిందటేడు పెన్రిన్ మౌర్ దగ్గరే నీ కయాక్, ఆ ఒంటిమనిషి పడవ, తిరగబడింది. మళ్ళీ ఎక్కి కూర్చున్నావు గానీ, ఒక చెయ్యి పాత చేతిపంపు మీద, ఒక చెయ్యి తెడ్డు మీద. వచ్చిన ప్రతి అలా నిన్ను మళ్ళీ పడేసింది. మీ అమ్మా నేనూ కొండ మీంచి చూస్తూనే ఉన్నాం, చేయడానికేమీ లేదు. ఇంటికొచ్చి ఒళ్ళు తుడుచుకుంటూనే, "చేతులు రెండూ తెడ్డుకి, తోడడం కాళ్ళకి" అన్నావు. మీ అమ్మేమో, "మునిగాక తోడడం కనిపెడుతోంది మహాతల్లి, మునక్కుండా ఇంట్లో కూర్చోవడం ఎప్పుడు కనిపెడుతుందో" అంది. ఆనాటి నుంచి మీ ఇద్దరి మధ్యా మాటలు ఉప్పు అందుకోవడానికే మిగిలాయి. సరే, అది అలా ఉంచు.

నువ్వు వెళ్ళాక నేను టెగ్విన్ షెడ్డుకి వెళ్ళి కూర్చోవడం మొదలెట్టాను. ఇంకోసారి చూడరా అని అడగడం, వాడు కాదనడం, నేను మర్నాడు మళ్ళీ వెళ్ళడం. చివరికి, "ఇథెల్ బాబాయ్, నీ కూతురి పంపు సంగతేమో గానీ నువ్వు నా ప్రాణం తోడేస్తున్నావు, సరే కానీ" అన్నాడు. ఒకటే షరతు పెట్టాడు. మంచి పోటు మీద, పడవ నిండా నీళ్ళు నింపి, తెడ్డు మీంచి వేలు కూడా తీయకుండా ఖాళీ చేసి చూపించాలి. అది జరిగితే ఈ శీతాకాలం తను చేసే పడవలన్నిటికీ నీ పంపూ నీ దిక్సూచీ పెడతానన్నాడు.

గూటోని ఎక్కమంటే, "ఆ దిక్సూచి చూసుకుని ఈసారి ఐర్లండులో తేలతాను, నాకెందుకు" అన్నాడు. అప్పుడు ఇంకొకరు, "నేనెక్కుతాను" అని ముందుకొచ్చారు. ఎవరని అడక్కు, ఇప్పుడు చెప్పకూడదు. ప్రస్తుతానికి 'వారు' అంటాను. పెద్దవారు, మర్యాద ఇవ్వాలి కదా. టెగ్విన్ వారిని ఎగాదిగా చూసి, "మీరా?" అన్నాడు. "నేనే. నీకు ఈత రాకముందు నుంచీ నాకు ఈ నీళ్ళు తెలుసు. తెడ్డు ఇటివ్వు" అన్నారు వారు. వాడు ఇచ్చేశాడు.

నిన్న పొద్దున పోర్త్ దవార్క్ రేవు ఇసక మీద పడవ పెట్టాం. నువ్వు దిక్సూచిని అంత దూరంగా ముక్కు వైపు ఎందుకు జరిపావని టెగ్విన్ మళ్ళీ సణిగాడు. తల దించి ఒళ్ళోకి చూస్తుంటే కడుపులో తిప్పుతుంది, తలెత్తి దూరంగా చూస్తే తిప్పదు అని, నువ్వు నాకు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను. ఎంత గర్వంగా చెప్పానో, నేనే కనిపెట్టినట్టు!

వారు ఎక్కి కూర్చుని పడవ ముక్కుని సరిగ్గా రేవు నోటికి తిప్పించారు. ఆ నోరు నైరుతి వైపు ఉంటుందని మన ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నీ దిక్సూచేమో పడమర చూపించింది! టెగ్విన్ నవ్వు మొదలెట్టబోతున్నాడు. వారు మాత్రం తాపీగా దిగి, దిక్సూచి కిందనే ఉన్న ముందు అర మూత మీద వేళ్ళతో కొట్టి, "గూటో, ఇందులో ఏం పెట్టావు?" అని అడిగారు.

"ఏం లేదండీ, తిండి సామాను."

"తిండి అంటే?"

"పిండి, వెన్న, ఎండుద్రాక్ష..." అని వాడు నసిగాడు. "పెనం."

పెనం తల్లీ! వాళ్ళ నాయనమ్మ నాటి ఇనప పెనం, ఎద్దు తలంత బరువు! ఒడ్డున దిగితే వేడివేడిగా ఎండుద్రాక్ష రొట్టెలు కాల్చుకోవాలి కదా మరి. జూలైలో కూడా ఉందా అని అడిగితే, "ఎప్పుడూ ఉంటుంది. పెనం లేకుండా సముద్రంలోకి ఎవడెళ్తాడు?" అని వాడు మమ్మల్నే ఎదురడిగాడు. ఆ పెనం తీసి ఇసక మీద పెట్టారో లేదో, నీ దిక్సూచి ఉలిక్కిపడి తిరిగి, ఊగి, నైరుతి మీద మేకు కొట్టినట్టు నిలబడింది. టెగ్విన్ నమ్మలేదు. పెనం లోపల పెట్టాడు, పడమర. తీశాడు, నైరుతి. చిన్నపిల్లాడు లైటు స్విచ్చి నొక్కినట్టు నొక్కుతూనే ఉన్నాడు. తర్వాత ఇసకలో చతికిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "దిక్సూచికి దోషం లేదురా, మన జాతికే ఉంది" అన్నాడు. "ఇంగ్లీషువాళ్ళు నయం, కాగితంలో శాండ్‌విచ్చి చుట్టుకుని పోతారు" అన్నారు వారు. నీకు ఇది ఎందుకు తట్టలేదో నాకు అప్పుడు తెలిసింది. నీకు వంట రాదు, నీ పడవలో ఏనాడూ పెనం లేదు!

అక్కడి నుంచి పోటునీళ్ళకి. నేను టెగ్విన్ మోటారు పడవలో ఉన్నాను, గూటో ఇంకో కయాక్‌లో పక్కన. అలలు ఎటు నుంచి వస్తున్నాయో వాటికే తెలియదు. వారు మా వైపు ఒకసారి చూసి, కావాలనే, తలకిందులయ్యారు. నేను వేసిన కేకకి నా కట్టుడు పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. నిజం! వారు బయటికి జారి, పడవ తిప్పి, పొట్ట మీద పాకుతూ మళ్ళీ ఎక్కి కూర్చున్నారు. పడవలో నడుము దాకా నీళ్ళు. చేతులు రెండూ తెడ్డు మీద. అల వచ్చి గుద్దుతోంది, తెడ్డు ఆన్చి ఓర్చుకుంటున్నారు. మోకాలు మాత్రం కదులుతోంది, పంపు పెడలు మీద, కుట్టుమిషను తొక్కినట్టు. ఏమీ రాలేదు. ఇంకో అల. ఏమీ రాలేదు. "లాభం లేదు బాబాయ్, వెళ్ళి పట్టుకుంటా" అని టెగ్విన్ ఇంజను తాడు అందుకున్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు, నా ప్రాణమంతా ఆ పడవలోనే ఉంది.

అంతలో పంపు గొట్టం తుమ్మింది! బుడగలు, ఇసక, ఇంత నాచు, ఆ వెనకాల నీళ్ళు! ధారగా, పక్కకి, మన వీధి కుళాయి పగిలిననాటిలా! వారు తొక్కుతున్నారు, అలలు కొడుతున్నాయి, పడవ పైకి తేలుతోంది, తేలుతోంది, నేను చూస్తుండగానే బాతులా తేలిపోయింది. చేతులు తెడ్డు వదల్లేదు తల్లీ, ఒక్కసారీ వదల్లేదు! "తోడేస్తోందిరోయ్, సముద్రాన్నే తోడేస్తోంది!" అని గూటో అరుస్తున్నాడు. నేను పళ్ళు చేత్తో పట్టుకుని అరుస్తున్నాను. టెగ్విన్ నోరు తెరుచుకుని చూస్తూ ఇంజను సంగతే మర్చిపోతే మా పడవ రాళ్ళ మీదికి కొట్టుకుపోబోయింది. వారే వచ్చి, "మిమ్మల్ని కూడా నేనే కాపాడాలా?" అని మమ్మల్ని తిట్టారు.

ఒడ్డుకొచ్చాక టెగ్విన్ అన్న మాటలు రాస్తున్నాను, ఒక్కటీ కలపలేదు. "పంపు ఖాయం, దిక్సూచి ఖాయం. ఇనప సామాను వెనక అరలో అని మూత మీద అచ్చు వేయిస్తాను. హెలెద్‌ని రమ్మను బాబాయ్, నా షెడ్డులో కిటికీ పక్క బల్ల దానిదే. జూలైలో నేనన్న మాట ఈ పెనం మీద కాల్చుకుని నేనే తింటానని చెప్పు." రొట్టెలు తిన్నాం. అంత రుచైన రొట్టె నేను నా పెళ్ళిలో కూడా తినలేదు.

వస్తుందని నేను మాటివ్వలేదు. ఆ ఫ్యాక్టరీ మంచిదే కావచ్చు, బట్టలు ఉతికే యంత్రాలకి కూడా పంపులు కావాలి. కానీ బట్టలు మునిగితే ఎవరూ కొండ మీద నిలబడి చూడరు. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు. ఆలోచించుకో.

సంతోషంతో చేతిరాత వంకర్లు పోతున్న,
మీ నాన్న,
ఇథెల్.

తా.క. వారి పేరు ఉత్తరంలో రాయనని ఒట్టు వేశాను. సంతకం అయిపోయింది, ఇది ఉత్తరం కాదు, కాబట్టి రాస్తున్నాను. వారు మీ అమ్మ. మోర్విద్ గారు! మా పెళ్ళయ్యాక మీ అమ్మకి నేను ఇంత మర్యాద ఎప్పుడూ ఇవ్వలేదు.

పెళ్ళికి ముందు వాళ్ళ నాన్నతో పీతల వలలకి వెళ్ళేదని తెలుసు గానీ, నువ్వు రైలెక్కిన వారం నుంచీ నీ పాత పడవేసుకుని సముద్రంలోకి పోతోందని నాకు తెలియదు. చాపెల్‌లో ఇత్తడి తోమడానికి అని చెప్పి వెళ్ళేది. మన చాపెల్‌లో అంత ఇత్తడి ఎక్కడిదని నాకు తట్టలేదు. ఎందుకు చేశావే అని నిన్న అడిగాను. "అది పనిచేస్తుందో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు మునగాలి. పిల్ల మునగడం నేను ఇంకోసారి చూడలేను" అంది. నీకు చెప్పొద్దంది. చెబితే నువ్వు తన కోసం వస్తావట, పంపు కోసం రావట.

ఇంకొకటి. పెడలు తన కాలికి అందలేదట, తొక్కినప్పుడల్లా కిందికి జారాల్సి వచ్చిందట, నడుం పట్టేసి ఇప్పుడు వేడినీళ్ళ సీసా పెట్టుకుని పడుకుంది. నువ్వు పడవని వంటగదిలో పెట్టి నా కాలే కొలిచావు కదా. "ఈ ఇంట్లో కాళ్ళు వాళ్ళ నాన్నకే ఉన్నాయా? రెండో పంపుకి నా కాలు కొలవమను" అంటోంది. నేను టేపు తెచ్చి, కొలిచి నీకు రాసి పంపుతానంటే, దుప్పట్లోకి కాలు ముడుచుకుంది. నువ్వే వచ్చి కొలవాలట.