టీవీ డాక్టరు నోట మన మాట

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ ఫోటోకు దండ వేసి, అమ్మను మిర్యాలగూడ దవాఖానకు తీసుకొచ్చాను. మోకాళ్ల నొప్పులతో రాత్రిళ్లు తను నిద్రపోదు, నన్ను పోనివ్వదు. ఇక్కడ చూస్తే వరుస కదలడం లేదు. నాకూ ఓపిక అయిపోయింది.

గోడ మీది టీవీలో ఏదో కొత్త సీరియల్ వస్తోంది. అందులో డాక్టరు ఒక ముసలామె పక్కన కూర్చుని, "భయపడకు పెద్దమ్మా, జర నిమ్మళంగ ఉండు, తక్కువైతది" అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మనోని లెక్కనే మాట్లాడుతున్నడే," అంది.

హైదరాబాదులో నువ్వు కామెడీ సీరియల్ రాసి, అందులోనే మన తెలంగాణ మాటతో వాచ్‌మన్ వేషం వేసినన్నాళ్లూ ఊరంతా నవ్వింది. తర్వాత నువ్వు రాసిన డాక్టరు పాత్రకూ మన మాటే పెట్టావు. "డాక్టరు ఇలా మాట్లాడితే జనం నవ్వుతారయ్యా, ఆ భాష వాచ్‌మన్‌కే ఉంచు" అన్నాడట నిర్మాత. నువ్వు మార్చనన్నావు. నీ చోట ఇంకొకరిని పెట్టుకున్నారు. సూర్యాపేట తిరిగొచ్చి, పెళ్లిళ్లలో మిమిక్రీ చేస్తూ బతికావు.

"నవ్వించుడు నా పనే చెల్లే. గని మన మాటను సూసి నవ్వొద్దు," అని ఒక్కసారే అన్నావు, చెప్పులు విప్పుతూ.

అందుకే ఇవాళ నేను టీవీని వదిలేసి జనం మొహాలు చూశాను. పసిపిల్లను ఎత్తుకున్న తల్లి, చేతికి కట్టుతో ఉన్న ఆటో డ్రైవరు, చీటీలు రాసే నర్సు, అందరూ ఆ డాక్టరు చెప్పేది వింటున్నారు.

ఎవరూ నవ్వలేదు అన్నా.